ఇంటి యంత్రాలను ఎంచుకోవడం - మూడో పాఠం: నాలుగైదు రకాల నేలలున్న ఇంటికి మన్నే వాక్యూమ్ క్లీనర్

గత పాఠంలో యంత్రం వెనక అతికించిన పేరుపలకను చదవడం నేర్చుకున్నాం. వాట్లు, వోల్టులు, ఆంపియర్లు ఏమి చెబుతాయో, ఏమి చెప్పవో చూశాం. ఆ లెక్క ఈ పాఠంలోనే అక్కరకు వస్తుంది. వాక్యూమ్ క్లీనర్ కొనేవాళ్లలో ఎక్కువ మంది వాట్లు చూసి కొంటారు, రెండు మూడేళ్లకే దాన్ని అటక మీదికి ఎక్కిస్తారు. అది పాడవడానికి మోటారు చిన్నది కావడం అరుదుగానే కారణం. గాలి సాగే దారి పూడుకుపోవడమో, గొట్టం చివర నేల మీద నడిచే మూతి నేలకు తగక అరిగిపోవడమో, విడిభాగం దొరకకపోవడమో జరుగుతుంది. ఈ మూడింటినీ కొనేముందే పసిగట్టడం నేర్చుకోవచ్చు.

సాధన కోసం ఒక ఇల్లు ఊహించుకుందాం. తిరుపతి కొర్లగుంటలో పాత ఇల్లు, దాని మీద కొత్తగా వేసిన అంతస్తు. కింద ముందుగదిలో మొజాయిక్ నేల. తర్వాత పెంచిన హాలులో, వంటగదిలో విట్రిఫైడ్ టైల్స్. దేవుడి గదిలో గ్రానైట్. పెరటి వరండాలో కడప బండలు. పైన పిల్లల గదిలో చెక్కలా కనిపించే లామినేట్, దాని మీద దళసరి తివాచీ ఒకటి. తిరుపతిలో ఇల్లంటే కొండకు వెళ్లే చుట్టాలకు మజిలీ కాబట్టి బీరువా మీద జంపఖానాలు, చాపలు, అదనపు పరుపులు సిద్ధంగా ఉంటాయి. శుభ్రం చేయాల్సిన వాటిలో వీటినీ చేర్చుకోవాలి.

మొదట నేల, తర్వాతే యంత్రం

ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు కొలిచే మోహ్స్ కొలమానం ఒకటి ఉంది. మన చెప్పులతో లోపలికి వచ్చే ఇసుకలో ప్రధానంగా ఉండేది క్వార్ట్జ్, దాని గట్టిదనం 7. గ్రానైట్‌లోనూ క్వార్ట్జ్, దాదాపు అంతే గట్టిదైన ఫెల్డ్‌స్పార్ ఉంటాయి కాబట్టి ఇసుక రేణువు దాన్ని అంత సులువుగా గీయలేదు. విట్రిఫైడ్ టైల్స్ కూడా గట్టివే. కడప రాయి అలా కాదు. అది సున్నపురాయి. అందులోని కాల్సైట్ గట్టిదనం 3 మాత్రమే. మొజాయిక్‌లో కనిపించే పాలరాతి ముక్కలదీ అదే సంగతి. లామినేట్ పైపొర గట్టిదే అయినా పలుచన. గీత పడితే పాలిష్ పట్టి సరిచేసే వీలు ఉండదు.

అందుకే ఈ ఇంటికి యంత్రం చూసేటప్పుడు నేను ముందుగా చక్రాలను తిరగేసి చూడమంటాను. గట్టి ప్లాస్టిక్ చక్రం కింద ఇసుక రేణువు ఇరుక్కుంటే కడప బండ మీద, లామినేట్ మీద తెల్లటి గీతలు పడతాయి. చక్రాలకు మెత్తటి రబ్బరు తొడుగు ఉండాలి. గోటితో నొక్కితే కొద్దిగా లోపలికి పోవాలి.

ఇక దుమ్ము సంగతి. మన ఇళ్లలో దుమ్ము ఒక్క రకం కాదు. గడప ముందు ముగ్గుపిండి, దేవుడి గదిలో విభూతి, అగరుబత్తి బూడిద, కుంకుమ, వీధిలో ఎవరైనా ఇల్లు కడుతుంటే సిమెంటు పొడి. ఇవన్నీ అతి సన్నటివి. ఫిల్టరును పూడ్చేది ఇవే. మరోవైపు పొడవాటి వెంట్రుకలు, కొబ్బరి పీచు, ఎండిన పూలు. ఇవి ఫిల్టరు దాకా పోవు, తిరిగే బ్రష్షుకు చుట్టుకుని దాని బేరింగులను బిగించేస్తాయి. ఒక హెచ్చరిక: ధూపం వేశాక, హారతి ఇచ్చాక ఆ బూడిద పూర్తిగా చల్లారే వరకు వాక్యూమ్ దగ్గరికి తేవద్దు. ఒక్క నిప్పురవ్వ లోపలికి పోతే దుమ్ము చేరే సంచి అంటుకుంటుంది.

మోటారు ఆయుష్షు లెక్క

ప్లగ్గు పెట్టి నడిపే సాధారణ వాక్యూమ్ క్లీనర్‌లో ఉండేది మన మిక్సీలో ఉండే జాతి మోటారే. యూనివర్సల్ మోటారు అంటారు. ఇందులో తిరిగే భాగానికి కరెంటు అందించేవి రెండు చిన్న కార్బన్ ముక్కలు. వాటినే కార్బన్ బ్రష్షులంటారు. అవి రాసుకుంటూ అరిగిపోతాయి. అరగడం వాటి స్వభావం, దాన్ని లోపం అనుకోకూడదు. అరిగినప్పుడు వాటిని మార్చే వీలు ఉందా లేదా అన్నదే మనం తేల్చుకోవాల్సింది. మిక్సీలు బాగుచేసే మనిషి ప్రతి పేటలో ఉంటారు. కార్బన్ బ్రష్షులు విడిగా మార్చగలిగే మోటారైతే, కంపెనీ సర్వీస్ సెంటర్ ఊళ్లో లేకపోయినా ఆయన దాన్ని నిలబెట్టగలరు. కొన్ని యంత్రాల్లో బ్రష్షులు అరిగితే మోటారు మొత్తాన్ని మార్చమంటారు. దుకాణంలో ఈ ఒక్క ప్రశ్న తప్పకుండా అడగండి.

యూరోపియన్ యూనియన్ 2013లో ఇళ్లలో వాడే వాక్యూమ్ క్లీనర్ల మీద ఒక నిబంధన చేసింది. 2014 సెప్టెంబరు నుంచి 1600 వాట్లకు, 2017 సెప్టెంబరు నుంచి 900 వాట్లకు మించకూడదంది. మోటారు కనీసం 500 గంటలు నడవాలని, గొట్టాన్ని 40,000 సార్లు వంచి సాగదీసినా అది పనికి రావాలని షరతు పెట్టింది. తివాచీలు విరివిగా పరిచే దేశాల్లోనే 900 వాట్లు సరిపోతున్నప్పుడు, టైల్స్, బండలు ఎక్కువగా ఉన్న మన ఇంటికి 2000 వాట్ల యంత్రం అక్కర్లేదు. వాట్లు అది మింగే కరెంటును చెబుతాయి. పీల్చే బలాన్ని చెప్పవు.

ఆ 500 గంటలను మన ఇంటికి అన్వయిద్దాం. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి ఇరవై నిమిషాలు వాడితే వారానికి ఒక గంట, ఏడాదికి 52 గంటలు. తొమ్మిదేళ్లకు పైనే వస్తుంది. రోజూ అరగంట వాడితే ఏడాదికి దాదాపు 182 గంటలు. మూడేళ్లు నిండకుండానే ఆ 500 గంటలు పూర్తవుతాయి. కాబట్టి "ఇది ఎన్నేళ్లు వస్తుంది?" అని దుకాణదారుణ్ని అడగడంలో అర్థం లేదు. మీరు ఎన్ని గంటలు వాడతారో మీకే తెలుసు. నేల మీద రోజువారీ ఊడ్పు చీపురుకే వదిలేసి, పరుపులు, తివాచీ, సోఫా, మూలలు, మంచాల కింద భాగాలకు యంత్రాన్ని ఉంచుకునే ఇంట్లో అది ఎక్కువ కాలం మన్నుతుంది. నా మటుకు నేను ఈ పద్ధతినే ఇష్టపడతాను.

కరెంటు లెక్క కూడా ఇక్కడే చూద్దాం. 1600 వాట్లను మన ఇంటి కరెంటు 230 వోల్టులతో భాగిస్తే దాదాపు 7 ఆంపియర్లు. మామూలు చిన్న సాకెట్ 6 ఆంపియర్లది, అంటే 1380 వాట్ల వరకే. అంతకు మించిన యంత్రానికి 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గు కావాలి. పాత ఇళ్లలో అది వంటగదిలోనో, గీజరు దగ్గరో తప్ప ఉండదు. సన్నటి ఎక్స్‌టెన్షన్ తీగతో లాగితే తీగ వేడెక్కుతుంది. 1200 వాట్ల లోపు యంత్రమైతే ఈ తలనొప్పే ఉండదు.

గాలి సాగే దారి

యంత్రం నడుస్తుండగా గొట్టం చివరను అరచేత్తో పూర్తిగా మూసి చూడండి. మోటారు చప్పుడు సన్నబడి పైస్థాయికి పోతుంది. బలం పెరిగిందని చాలామంది అనుకుంటారు. నిజానికి లోపలికి గాలి రాకపోవడంతో యంత్రంలోని ఫ్యానుకు పని తగ్గి మోటారు మరింత వేగంగా తిరుగుతోంది. చాలా యంత్రాల్లో మోటారును చల్లబరిచేది కూడా ఆ గాలే. ఫిల్టరు పూడుకుపోయిన యంత్రం రోజూ ఇదే స్థితిలో నడుస్తుంది. ఎండలు నలభై డిగ్రీలు దాటే మన వేసవిలో, ఫ్యాను ఆపేసి ఊడ్చే గదిలో అది ఎంత వేడెక్కుతుందో ఆలోచించండి. వేడెక్కితే దానంతట అదే ఆగిపోయే ఏర్పాటు ఉండాలి. ఉందో లేదో అడగండి.

అందుకే విభూతి, ముగ్గుపిండి ఉన్న ఇంటికి సంచి ఉన్న యంత్రమే మేలని నా నిశ్చితాభిప్రాయం. బహుళ పొరల కాగితపు లేదా సింథటిక్ సంచి సన్నటి పొడిని చాలా వరకు అక్కడే ఆపుతుంది. మోటారు ముందున్న ఫిల్టరు ఆలస్యంగా పూడుకుంటుంది. సంచి లేని డబ్బా రకం ఖర్చు తక్కువే, కానీ ఫిల్టరును తరచు కడగాలి, నీడలో ఒక రోజంతా ఆరబెట్టాలి. తడి పూర్తిగా ఆరకుండా బిగిస్తే ఆ తేమ మోటారులోకి పోతుంది. ఇంట్లో అంత ఓపిక ఎవరికి ఉందో నిజాయితీగా ఆలోచించుకోండి. సంచి రకం కొంటే ఆ సంచులు ఊళ్లో దొరుకుతాయో లేదో ముందే కనుక్కోండి. యంత్రంతో పాటే రెండు పొట్లాలు కొనిపెట్టుకోండి.

బ్యాటరీతో నడిచే కర్ర లాంటి రకంలో చాలా వాటికి కార్బన్ బ్రష్షులు లేని మోటారు ఉంటుంది. మోటారు మన్నుతుంది, బ్యాటరీ మన్నదు. లిథియం అయాన్ బ్యాటరీకి వేడి పడదు. గొళ్లెం నొక్కి బ్యాటరీని ఊడదీసి కొత్తది పెట్టుకునే రకమైతేనే కొనండి, అదీ మెట్లకు, కారుకు రెండో యంత్రంగానే. ఇక రోబో. చాలా రోబోలు రెండు సెంటీమీటర్లకు మించిన ఎత్తును ఎక్కలేవు. మన గడపలు అంతకంటే ఎత్తు. ఒక గదికే పరిమితమయ్యే రోబోకు అంత డబ్బు పెట్టమని నేను చెప్పలేను. నీళ్లతో తుడిచే రోబో అయితే లామినేట్ గదిలోకి అసలు రానివ్వకండి. అతుకుల్లోంచి తేమ దిగితే లోపలి చెక్కపొడి పలక ఉబ్బుతుంది.

తడి, పొడి రెండూ పీల్చే డ్రమ్ము రకం గురించి ఒక్క మాట. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు మనకు ఎక్కువ. కడప బండల వరండాలో బురద నీరు నిలిచే ఇల్లైతే అది పనికొస్తుంది. లేకపోతే ఆ బరువు మోయడం దండగ.

మూతిని చేతిలోకి తీసుకుని చూడండి

రకరకాల నేలలున్న ఇంట్లో ఎక్కువ శ్రమ పడేది నేల మీద నడిచే ఈ మూతే. దాన్ని వెల్లకిలా తిప్పండి. మధ్యలో గాలి పీల్చే సందు, దాని ముందు వెనకల సన్నటి కుచ్చు వరసలు కనిపిస్తాయి. పైనున్న పెడలును కాలితో నొక్కితే కుచ్చు బయటికి రావాలి, మళ్లీ నొక్కితే లోపలికి పోవాలి. కుచ్చు బయట ఉంటే టైల్స్, గ్రానైట్, లామినేట్ మీద. లోపల ఉంటే తివాచీ మీద. పెడలును పది పదిహేను సార్లు నొక్కి చూడండి. ఒక్కసారైనా తడబడితే లోపల స్ప్రింగు బలహీనమని అర్థం. అడుగున ప్లాస్టిక్ బదులు లోహపు పలక ఉంటే కడప బండల గరుకుకు తొందరగా అరగదు. తర్వాత మెడ. మూతి, గొట్టం కలిసే ఆ కీలును రెండు పక్కలకూ తిప్పండి. అది వదులుగా ఊగినా, కిర్రుమన్నా వద్దు.

జంపఖానా, చాపల కోసం పిడి మీద గాలిని తగ్గించే చిన్న జారుడు మూత ఉండాలి. అది లేకపోతే జంపఖానా మూతికి అతుక్కుని దానితో పాటే లేచి వస్తుంది.

దుకాణానికి వెళ్లేటప్పుడు ఒక పొట్లంలో ముగ్గుపిండి, గుప్పెడు బియ్యం తీసుకెళ్లండి. సంకోచించకండి, వేలు పోసి కొంటున్నారు. ముగ్గుపిండిని రెండు టైల్స్ మధ్య సందు పొడవునా చల్లి, మూతిని ఒక్కసారి మాత్రమే నడపమనండి. సందులో తెల్లటి గీత మిగిలిందో లేదో వంగి చూడండి. తర్వాత బియ్యం చల్లండి. మూతి ముందు అంచు గింజలను మింగకుండా నెట్టుకుంటూ పోతే ఆ మూతి మన నేలలకు పనికిరాదు. అది అయ్యాక యంత్రం వెనక గాలి వచ్చే చోట చెయ్యి పెట్టండి. అరచేతికి పొడి తగిలితే సీళ్లు సరిగా లేవన్నమాట. వెనక హెపా ఫిల్టరు, అంటే అతి సన్నటి ధూళిని ఆపే ఫిల్టరు, పెట్టామని చెప్పినా, సందుల్లోంచి గాలి తప్పించుకుంటే ఆ ఫిల్టరు వల్ల ఉపయోగం లేదు.

వచ్చే పాఠంలోపు అభ్యాసం

మీ ఇంటి నేలల పటం గీసి, ఏ గదిలో ఏ నేలో రాయండి. గడపల ఎత్తును స్కేలుతో కొలవండి. 16 ఆంపియర్ల సాకెట్లు ఎక్కడున్నాయో గుర్తించి, అక్కడి నుంచి దూరపు మూలకు ఎన్ని మీటర్లో కొలవండి. తీగ పొడవు దాని కంటే ఒక మీటరు ఎక్కువ ఉండాలి. ఒక వారం పాటు ఏ గదిలో ఎన్ని నిమిషాలు ఊడుస్తున్నారో రాసుకుని, 52తో గుణించి గంటల్లోకి మార్చండి. ఈ కాగితం దగ్గర పెట్టుకోండి. నాలుగో పాఠంలో దీని ఆధారంగానే సంచి ఎప్పుడు మార్చాలి, ఫిల్టరు ఎప్పుడు కడగాలి, కార్బన్ బ్రష్షులు అరిగాయని ఏ గుర్తుల వల్ల తెలుస్తుంది అన్నవి లెక్క కడదాం.