గొర్రె ఊపిరితిత్తులను ఊది, కోసి పరిశీలించే పద్ధతి

గుండె, వాయునాళం తగిలి ఉన్న తాజా ఊపిరితిత్తులే తీసుకోండి. ఫార్మలిన్‌లో (కుళ్లకుండా నిల్వచేసే రసాయనంలో) ఉంచినవి గట్టిపడిపోతాయి, ఊదినా ఉబ్బవు. కత్తిగాట్లు పడినవీ వద్దు, కొట్టిన గాలంతా అక్కడినుంచే పోతుంది. చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి.

ముందు వాయునాళాన్ని వేళ్లతో నొక్కండి. గట్టిగా తగిలేవి మృదులాస్థి ఉంగరాలు. గాలి పీల్చేటప్పుడు లోపలి పీడనం తగ్గుతుంది, ఇవి లేకపోతే గొట్టం నొక్కుకుపోతుంది. వెనకవైపు మాత్రం ఉంగరాల కొనలు అతుక్కోవు, వాటి మధ్య కండరం ఉంటుంది.

వాయునాళం రెండుగా చీలకముందే కుడివైపుకు ఒక చిన్న కొమ్మ పోతుంది. కుడి ఊపిరితిత్తి ముందు తమ్మెకు (విడిగా కనిపించే భాగానికి) గాలి అందించేది అదే. మనుషుల్లో సాధారణంగా కనిపించని ఈ కొమ్మ గొర్రె, ఆవు, పందిలో ఉంటుంది. చాలామంది ఇక్కడే పొరపడతారు: రబ్బరు గొట్టాన్ని ఆ కొమ్మ దాటించి కడితే ఆ తమ్మె ఒక్కటీ ఉబ్బదు. కాబట్టి గొట్టాన్ని 3-4 సెం.మీ. మాత్రమే దించి దారంతో బిగించండి.

ఊపిరితిత్తులను పారదర్శకమైన ప్లాస్టిక్ సంచిలో పెట్టి, కాలిపంపుతో మెల్లగా గాలి కొట్టండి. నోటితో ఎప్పుడూ ఊదవద్దు, వదిలిన గాలి తుంపరలతో సహా వెనక్కి తన్నుతుంది. మొదట ఏమీ కదలనట్టుంటుంది, తర్వాత అక్కడో మచ్చ, ఇక్కడో మచ్చ లేత గులాబీ రంగుకు తిరుగుతూ తెరుచుకుంటాయి. ముడుచుకున్న తడి గోడలు ఒకదానికొకటి అంటుకుని ఉండటమే కారణం. ఒకసారి తెరుచుకున్నాక రెండోసారి అంత బలం అక్కర్లేదు. పంపు తీసేస్తే ఎవరూ నొక్కకుండానే కుంచించుకుపోతాయి: సాగే తంతువులు, లోపలి తడిపొర తలతన్యత (ఉపరితలం కుంచించుకునే గుణం) కలిసి చేసే పని అది. ఆ తలతన్యతను తగ్గించే సర్ఫాక్టెంట్ లేకపోతే ఊపిరి వదిలిన ప్రతిసారీ చిన్న వాయుగోణులు (గాలిదారుల చివరి బుల్లి గాలి గదులు) మూసుకుపోతాయి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలకు ఊపిరి కష్టం కావడానికి ముఖ్య కారణం ఈ లోటే.

ఇప్పుడు కత్తెరతో వాయునాళాన్ని ముందువైపు నుంచి చీల్చి, అది చీలిన కొమ్మల్లో ఒకదాన్ని, అంటే ఒక శ్వాసనాళాన్ని, పట్టుకుని కిందికి పొండి. ఉంగరాలు ముక్కలవుతాయి, సుమారు 1 మి.మీ. కన్నా సన్నని శ్వాసనాళికల్లో మృదులాస్థే ఉండదు. చుట్టూ ఉన్న సాగే కణజాలం లాగిపట్టడం వల్లే అవి తెరుచుకుని ఉంటాయి. ఉబ్బసంలో కండరం బిగిస్తే ఇవి అంత తేలిగ్గా ఇరుకవడం అందుకే.

తమ్మె అంచు నుంచి 2 సెం.మీ. ముక్క కోసి నీళ్లలో వేయండి, తేలుతుంది. మునిగి ఉండగా పిండితే బుడగలు వస్తాయి, అయినా మునగదు. కాలేయం ముక్క వేస్తే మునిగిపోతుంది. తేలించేది వాయుగోణుల్లో చిక్కుకున్న గాలి. అంత చిన్న గదులెందుకో లెక్కవేసి చూడండి: 1 సెం.మీ. ఘనం ఉపరితలం 6 చ.సెం.మీ. దాన్ని 0.25 మి.మీ. ఘనాలుగా విడగొడితే మొత్తం 240 చ.సెం.మీ. అవుతుంది. గాలికీ రక్తానికీ మధ్య గోడ పలుచని చోట్ల అర మైక్రోమీటరు లోపే ఉంటుంది, ఎర్రరక్తకణం వ్యాసంలో పదో వంతు కూడా కాదు. వ్యాపనం (వాయువులు ఎక్కువ ఉన్న చోటినుంచి తక్కువ ఉన్న చోటికి పాకడం) అతి తక్కువ దూరాల్లోనే వేగంగా సాగుతుంది కనుక ఇంత పలచదనం కావాలి.

కోసిన తలంలో, తెరుచుకున్న గాలి రంధ్రం పక్కనే ఉండేది పుపుస ధమని (గుండె నుంచి ఊపిరితిత్తులకు రక్తం తెచ్చే నాళం) శాఖ. అది మోసుకొచ్చేది ఆక్సిజన్ తక్కువైన రక్తం, పేరు చూసి తారుమారు చేయకండి.

పని ముగిశాక పరికరాలను, బల్లను సబ్బునీళ్లతో కడిగి, ఆపైన క్రిమిసంహారకంతో తుడవండి.