నైట్ షిఫ్టులో పేగు గోడను కాపాడుకోవడం ఎలా

నేను గచ్చిబౌలిలో మెడికల్ కోడింగ్ చేస్తాను. సాయంత్రం ఆరున్నరకు మెహిదీపట్నంలో క్యాబ్ ఎక్కితే తెల్లవారుజామున నాలుగింటికి మళ్లీ మా గేటు దగ్గర దిగుతాను. పదకొండేళ్లుగా ఇదే పని. రెండేళ్ల కిందట నా కడుపు మొరాయించింది. తిన్న అరగంటకే ఉబ్బరం, ఆడిట్ ఉన్న రోజు మూడు నాలుగు సార్లు బాత్రూమ్. డాక్టర్ పరీక్షలన్నీ చేయించి ఐబీఎస్ అన్నారు, అంటే పరీక్షల్లో వేరే జబ్బేమీ కనిపించకపోయినా పేగు పనితీరు దెబ్బతినే సమస్య. మందులు రాసి, "ముందు రోజు గడిచే పద్ధతి మార్చుకోమ్మా" అన్నారు. ఆ పద్ధతిలో ఏది ముందు, ఏది తర్వాత అన్నది తెలుసుకోవడానికి నాకు చాలా నెలలు పట్టింది. నాలాంటి షిఫ్టుల్లో ఉన్నవాళ్లకు అంతకాలం పట్టకూడదని రాస్తున్నాను.

పేగు లోపలి గోడ ఒకే ఒక్క వరుస కణాలతో ఉంటుంది. పక్కపక్క కణాలను టైట్ జంక్షన్లు అనే ప్రోటీన్ కుట్లు పట్టి ఉంచుతాయి. వాటిపైన జిగురు పొర ఒకటి. పోషకాలు, నీళ్లు లోపలికి రావాలి, బ్యాక్టీరియా అవతలే ఆగాలి. కుట్లు వదులైతే బ్యాక్టీరియా తునకలు గోడ దాటతాయి, అక్కడ కాపలా ఉన్న రోగనిరోధక కణాలు రేగుతాయి. నాకు ధైర్యమిచ్చిన సంగతి ఏమిటంటే, ఈ కణాలు మూడు నుంచి ఐదు రోజులకోసారి కొత్తవి వస్తూనే ఉంటాయి. గోడ కట్టుకునే పని శరీరమే చేస్తోంది. అందుకని ఏం తింటే బాగుపడుతుంది అని కాకుండా, రోజూ దాన్ని చెడగొడుతున్నది ఏమిటి అని వెతకడం మొదలుపెట్టండి.

నా విషయంలో మొదటిది టెన్షన్. మెదడు కంగారు పడ్డప్పుడు సీఆర్‌హెచ్ అనే హార్మోను విడుదలవుతుంది. పేగు గోడలో ఉండే మాస్ట్ కణాలు అనే రోగనిరోధక కణాలు దానికి స్పందించి, కుట్లను వదులు చేసే రసాయనాలను వదులుతాయి. బెల్జియంలోని లూవెన్‌లో దీన్ని మనుషుల మీదే చూశారు, ఫలితాలు 2014లో వచ్చాయి. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల చేత నలుగురి ముందు ప్రసంగం చేయించారు. పేగు దాటి ఎంత వెళుతోందో తెలియడానికి రెండు రకాల చక్కెరలు తాగించి మూత్రంలో కొలిచారు. ప్రసంగం వల్ల కార్టిసాల్ అనే టెన్షన్ హార్మోను బాగా పెరిగినవాళ్లలోనే చిన్నపేగు గోడ వదులైంది. మాస్ట్ కణాలను అణచే మందు ముందే ఇస్తే ఆ మార్పు రాలేదు. ఇది చదివిన రోజు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆడిట్ రోజు నా కడుపు పడే బాధ నా ఊహ కాదు.

కాబట్టి మీకు భయం పుట్టే గంట ఏదో పట్టుకోండి. చిన్న నోటుబుక్కులో రెండు వారాల పాటు నాలుగే రాయండి: ఎప్పుడు తిన్నారు, ఎప్పుడు పడుకున్నారు, ఎప్పుడు టెన్షన్ పడ్డారు, కడుపు ఎలా ఉంది. నాది రాత్రి పదిన్నర, మా పని నాణ్యత గురించి మాట్లాడే క్వాలిటీ కాల్ సమయం. ఆ కాల్‌కు పావుగంట ముందు ఇప్పుడు సీటు మీద నుంచి లేస్తాను. మెట్ల దగ్గర నిలబడి, నాలుగు లెక్కపెట్టేంతసేపు ఊపిరి తీసుకుని, ఆరు లెక్కపెట్టేంతసేపు వదులుతాను. ఐదు నిమిషాలు. ఊపిరి నెమ్మదిగా వదిలితే గుండె వేగం తగ్గుతుంది, పొట్టలో పట్టేసినట్టుండేది సడలుతుంది. కాల్ నడుస్తుండగా ఒక్క ముద్ద కూడా తినను. ఈ ఒక్క నియమం నాకు మందులంత పని చేసింది.

తర్వాత నిద్ర, తిండి వేళలు. పేగు కణాలకూ సొంత గడియారం ఉంటుంది. అర్ధరాత్రి ఒంటిగంటకు బిర్యానీ, మూడింటికి టీ, ఉస్మానియా బిస్కట్లు అంటే ఆ గడియారం తికమకపడుతుంది. నేను అసలు భోజనం సాయంత్రం ఐదున్నరకే ఇంట్లో చేసేస్తాను. రాత్రి తొమ్మిదిన్నరకు డబ్బాలో తెచ్చుకున్నది కొద్దిగా. పన్నెండు దాటితే నీళ్లే. తినే వేళల మధ్య ఖాళీ ఉంటేనే పేగు తనను తాను ఊడ్చుకునే కదలికలు చేయగలదు. ఇంటికి వచ్చాక ఐదింటి నుంచి పన్నెండు దాకా నిద్ర, కిటికీలకు మందపాటి పరదాలు, ఫోన్ వంటింట్లో. సెలవు రోజుల్లో కూడా ఈ వేళలను రెండు గంటలకు మించి జరపకండి. మొదట్లో మా ఆయనకు, పిల్లలకు ఇది కష్టంగా అనిపించింది. మధ్యాహ్నం పన్నెండున్నరకు అందరం కలిసి తినే ఆదివారం భోజనంతో సర్దుకున్నారు.

నొప్పి మాత్రల సంగతి మా ఆఫీసులో ఎవరూ పట్టించుకోరు. మెడనొప్పికి డైక్లోఫినాక్, తలనొప్పికి ఐబుప్రొఫెన్, అదీ ఖాళీ కడుపున. ఈ జాతి మాత్రలు పేగు గోడను వదులు చేస్తాయి. లూవెన్ ప్రయోగంలో పోలిక కోసం వాడింది కూడా ఇలాంటి మాత్రే, ఇండోమెథాసిన్. మీరు వారానికి ఎన్ని వేసుకుంటున్నారో లెక్క రాసి డాక్టర్‌కు చూపించి, బదులు ఏమిటో అడగండి. గుండె కోసం రాసిన ఆస్పిరిన్‌ను మాత్రం మీ అంతట మీరు ఆపకండి. వారాంతం మందు పార్టీలు కూడా గోడకు సూటిగా తగిలే దెబ్బే.

ఇక తిండి. పెద్దపేగులోని బ్యాక్టీరియా పీచును పులియబెట్టి బ్యూటిరేట్ తయారుచేస్తుంది. అక్కడి గోడ కణాలకు ముఖ్యమైన ఇంధనం అదే. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల పాలిష్ బియ్యంలో పీచు 3 గ్రాముల లోపే, జొన్నల్లో 10 గ్రాములు, రాగుల్లో 11. మా అత్తమ్మది పాలమూరు. రొట్టె తట్టడం ఆమె దగ్గరే నేర్చుకున్నాను. ఇప్పుడు వారంలో నాలుగు రోజులు జొన్నరొట్టె, తోటకూర పప్పు, మధ్యలో ఒక జామకాయ. రాత్రి వండిన అన్నం చల్లారితే అందులో జీర్ణం కాని పిండిపదార్థం కొంత పెరుగుతుంది, అదీ బ్యాక్టీరియాకు మేతే. పెరుగు కలిపిన సద్దన్నం నాకు పడింది. అన్నం మిగిలితే వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి, ఎండాకాలం బయట ఉంచకండి.

పీచు ఒకేసారి పెంచవద్దు. నేను మొదటివారమే మూడు పూటలా రొట్టెలు తిని ఉబ్బరంతో రెండు రోజులు లీవు పెట్టాను. మొదటి వారం రోజుకు ఒక్క రొట్టె, మరుసటి వారం రెండు. నీళ్లు కూడా దానికి తగ్గట్టు పెంచండి.

"లీకీ గట్", అంటే కారే పేగు, అనే పేరుతో పొడులు, కిట్లు అమ్మేవాళ్లు చాలామంది ఉన్నారు. గోడ వదులవడం నిజమే, క్రోన్స్, సీలియాక్ అనే పేగు జబ్బుల్లో అది కనిపిస్తుంది. కానీ లీకీ గట్ సిండ్రోమ్ అని వైద్యులు గుర్తించిన వేరే జబ్బు లేదు. మలంలో జోనులిన్ అనే, కుట్లను వదులు చేసే ప్రోటీన్‌ను కొలిచే కిట్లు నమ్మదగినవి కావు. ఆ డబ్బుతో రైతుబజార్‌లో నెలంతా కూరగాయలు కొనుక్కోవచ్చు.

మలంలో రక్తం, నల్లటి మలం, కారణం లేకుండా బరువు తగ్గడం, జ్వరం, రక్తహీనత, నిద్రలోంచి లేపే విరేచనాలు, వీటిలో ఏది ఉన్నా నోటుబుక్కు పక్కన పెట్టి ముందు గ్యాస్ట్రో డాక్టర్ దగ్గరికి వెళ్లండి. లేకపోతే ఈ రాత్రి డబ్బా తొమ్మిదిన్నరకు తెరవండి, ఆ వేళను బుక్కులో మొదటి గీత మీద రాయండి.