కారు చెడ్డదా, జబ్బు మనకు తెలియలేదా? కొండ దారి చెప్పే సమస్యలు - పరిష్కారాలు

పాతికేళ్ళలో నా దగ్గర నాలుగు కార్లు తిరిగాయి. మంచిది ఏదంటే క్షణం ఆలోచించకుండా మొదటిదే అంటాను. సెకండ్ హ్యాండ్‌లో కొన్న మారుతి 800. చెడ్డది ఏదంటే, చాలా ఏళ్ళు రెండోదాని పేరు చెప్పేవాణ్ణి. అదొక డీజిల్ కారు, ఏ కంపెనీదో ఇక్కడ అవసరం లేదు. ఎక్కుతుంటే వేడెక్కేది, దిగుతుంటే మాడు కంపు కొట్టేది. విసిగిపోయి పుత్తూరు వైపు ఒక రైతుకు అమ్మేశాను. ఆరేళ్ళ తర్వాత రేణిగుంట రోడ్డులో అదే నంబరు కనిపించింది, వెనక సీటు నిండా మామిడికాయల బుట్టలతో. ఆపి పలకరిస్తే, "బండికేం సామీ, బంగారం. రేడియేటరు ఒకటి మార్పిచ్చినా, అంతే" అన్నాడు.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. మనం తిట్టుకునే కార్లలో చాలావాటికి ఉన్నది జబ్బే, దుర్గుణం కాదు. అందుకే ఇది రాస్తున్నాను. తిరుపతిలో ఉన్నవాళ్ళకు కారును పరీక్షించడానికి తిరుమల కొండను మించింది లేదు. పద్దెనిమిది కిలోమీటర్లలో రెండు వేల అడుగులకు పైగా ఎక్కాలి, మళ్ళీ అంతా దిగాలి. చదును రోడ్డు మీద ఏడాదైనా బయటపడని లోపం అక్కడ ఒక్క పూటలో బయటపడుతుంది.

ఎక్కేటప్పుడు టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత వైపు పోతోంది

2009 వేసవి. మావాడి పుట్టెంట్రుకలు తీయించడానికి ఇంటిల్లిపాదీ ఆ డీజిల్ కారులో బయల్దేరాం. వెనక సీట్లో అమ్మ, ఆమె ఒళ్ళో బిడ్డ, ఏసీ ఫుల్లుగా ఉంది. అలిపిరి దాటి ఏడెనిమిది కిలోమీటర్లు పోయేసరికి ముల్లు ముక్కాలు దాటింది. చూశాను. చూసి కూడా, ఇంకెంత, పది కిలోమీటర్లేగా అని తొక్కుతూ పోయాను. నాలుగు మలుపుల తర్వాత బానెట్ సందుల్లోంచి ఆవిరి. పక్కకు ఆపి, బానెట్ లేపి, చేతికి తువ్వాలు చుట్టుకుని రేడియేటర్ మూత పట్టుకున్నాను. వెనక వస్తున్న జీపు డ్రైవరు పరుగెత్తుకొచ్చి నా మణికట్టు గట్టిగా పట్టేశాడు. "మూత తియ్యొద్దు సామీ! మొహం ఉడికిపోతాది." ఆ మూత అంచు నుంచి నీటి బొట్లు చిటపటమని ఎగురుతున్నాయి. ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది.

మూత బిగించి ఉన్నంతసేపు లోపల ఒత్తిడి ఉంటుంది. ఆ ఒత్తిడి వల్లే 100 డిగ్రీలు దాటినా లోపలి నీళ్ళు మరగవు. మూత తీసిన క్షణంలో ఒత్తిడి పోతుంది, కాగిన నీళ్ళు ఒక్కసారిగా మరిగి ఆవిరితో కలిసి మొహాన కొడతాయి. కనీసం అరగంట ఆగండి. పై గొట్టం చల్లబడి, నొక్కితే మెత్తగా ఉన్నప్పుడే మూత జోలికి వెళ్ళండి.

ముల్లు మామూలు చోటు దాటగానే చేయాల్సింది వేరు. ఏసీ ఆపండి, హీటర్ ఫుల్లు పెట్టండి, అద్దాలు దించండి. హీటర్ అంటే లోపల ఉన్న ఇంకో చిన్న రేడియేటరే. మనకు ఉక్కపోస్తుంది కానీ ఇంజిన్ వేడి కొంత తగ్గుతుంది. అయినా ముల్లు దిగకపోతే, రోడ్డు వెడల్పుగా ఉన్నచోట ఆపండి. ఆవిరి గానీ కారడం గానీ లేకపోతే రెండు మూడు నిమిషాలు ఇంజిన్ నడుస్తూనే ఉండనివ్వండి, నీళ్ళు తిరుగుతూ చల్లబడతాయి. ఆవిరి కనిపిస్తే మాత్రం వెంటనే ఇంజిన్ ఆపేయాలి.

ఇక కారణం. కారు ఎప్పుడు వేడెక్కుతోందో గమనిస్తే సగం తెలిసిపోతుంది. లీలామహల్ సర్కిల్ ట్రాఫిక్‌లో వేడెక్కి, బైపాస్ ఎక్కగానే చల్లబడితే ఫ్యాన్‌ను అనుమానించండి. ఫ్యూజు, రిలే, సెన్సర్, మోటారు, ఈ వరుసలో చూడమనండి. ట్రాఫిక్‌లో బాగానే ఉండి ఎక్కుడులో, హైవే వేగంలో వేడెక్కితే రేడియేటర్ పూడుకుని ఉంటుంది, లేదా కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరచడానికి రేడియేటర్‌లో పోసే ద్రవం) తగ్గి ఉంటుంది, లేదా వాటర్ పంపు బలహీనపడి ఉంటుంది. పొద్దున స్టార్ట్ చేసిన ఐదు నిమిషాలకే ముల్లు లేస్తే థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే వాల్వు) మూసుకుని ఉండిపోయి ఉండవచ్చు. బయట ఎక్కడా చుక్క కారకుండా కూలెంట్ తగ్గుతూ, ఆయిల్ మూత అడుగున కాఫీ మీగడలాంటిది పేరుకుంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పై భాగం కింద ఉండే సీలు) పోయి ఉండవచ్చు. అప్పుడు ఇక కారు నడపకండి, గ్యారేజీకి లాక్కెళ్ళండి.

నా కారు విషయంలో తప్పు నాదే. రెండేళ్ళు రేడియేటర్‌లో బోరు నీళ్ళు పోశాను. మన వైపు బోరు నీళ్ళు ఎలాంటివో గీజర్ రాడ్ చూస్తే తెలుస్తుంది. మెకానిక్ భాయ్ రేడియేటర్ విప్పి టార్చి వేసి చూపించాడు. సన్నటి గొట్టాలు వరుసగా ఉన్నాయి, సగానికి పైగా వాటిలో సున్నం కొట్టినట్టు తెల్లగా గట్టిపడి, సూది కూడా దూరే సందు లేదు. అప్పుడు శుభ్రం చేయించి నడిపాను గానీ కొత్తది వేయించలేదు. ఆ పని పుత్తూరు రైతు చేశాడు, బండి నిలబడింది.

కూలెంట్ డబ్బా మీద 'రెడీ మిక్స్' అని ఉంటే నీళ్ళు కలపకూడదు. చిక్కటిదైతే డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలపాలి. రంగు ఒకటే కదా అని రెండు రకాలు కలపొద్దు. దారిలో తప్పనిసరై మామూలు నీళ్ళు పోస్తే, ఇంటికి రాగానే మొత్తం దించి కొత్తది పోయించండి.

దిగేటప్పుడు మాడు వాసన, బ్రేక్ పెడల్ మెత్తగా లోపలికి పోతోంది

దిగే దారి పాత ఘాట్, 1944 నాటిది. హెయిర్‌పిన్ మలుపులు 30 పైచిలుకు ఉంటాయి. మోకాళ్ళ పర్వతం దగ్గర నడక భక్తులు రోడ్డు పక్కనే ఉంటారు. ఇక్కడ బ్రేక్ తేడా వస్తే పోయేది మన ప్రాణం ఒక్కటే కాదు. కాబట్టి ఈ సమస్యకు "చూద్దాంలే" అనే మాటే లేదు.

నాలుగో గేరులో దిగుతూ బ్రేక్ మీద కాలు తీయకుండా ఉంటే డిస్కులు, డ్రమ్ములు మాడిపోతాయి. ప్యాడ్ పట్టు తప్పుతుంది. ఇంకా వేడెక్కితే బ్రేక్ ఆయిల్ మరిగి అందులో బుడగలు పుడతాయి. బుడగ నొక్కుకుపోతుంది కాబట్టి పెడల్ స్పాంజిలా దిగిపోతుంది, బండి మాత్రం ఆగదు. బ్రేక్ ఆయిల్ గాల్లోని తేమను పీల్చుకుంటుంది, పాతబడేకొద్దీ త్వరగా మరుగుతుంది. డాట్ 3 రకానికి కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీలు ప్రమాణం, తేమ పట్టాక 140. డాట్ 4కు 230, తేమ పట్టాక 155. అందుకే రెండేళ్ళకొకసారి మార్చమనేది. నేను నాలుగేళ్ళు మార్చలేదు.

వాసన రాగానే గేరు తగ్గించి, ఇంజిన్ పట్టుతో వేగం తగ్గించుకుని, వెడల్పున్న చోట ఆపండి. ఇరవై నిమిషాలో అరగంటో కదలకండి. చక్రాల మీద నీళ్ళు చల్లొద్దు, కాలిన డిస్క్ వంకర పోతుంది. పెడల్ మెత్తబడితే గబగబా పంపు చేస్తూ హ్యాండ్ బ్రేక్‌ను కొద్దికొద్దిగా లాగండి, ఒక్కసారిగా కాదు.

పాత జీపు డ్రైవర్ల లెక్క ఒకటుంది: ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగు. అంటే ఎక్కువ దూరం రెండో గేరే. ఆటోమేటిక్ కారైతే 'ఎల్' లేదా మాన్యువల్‌లో పెట్టుకోండి. డీజిల్ కలిసొస్తుందని న్యూట్రల్‌లో దిగేవాళ్ళను భాకరాపేట ఘాట్‌లోనూ చూస్తుంటాను, మొగిలి ఘాట్‌లోనూ చూస్తుంటాను. దయచేసి ఆ పని చేయకండి. ఇప్పటి ఇంజిన్లు గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంధనం పోవడం ఆపేస్తాయి. న్యూట్రల్‌లో అయితే ఐడిలింగ్‌కు తాగుతూనే ఉంటాయి. అంటే కలిసిరావడం కూడా అబద్ధమే. ఇంజిన్ ఆపి దిగడం ఇంకా ఘోరం. రెండు మూడు సార్లు తొక్కేసరికి, పెడల్‌కు సాయం చేసే బ్రేక్ బూస్టర్‌లో బలం అయిపోయి పెడల్ రాయిలా బిగుసుకుంటుంది, స్టీరింగ్ కూడా బరువెక్కుతుంది.

చదును రోడ్డు మీద కూడా ఒకే చక్రం దగ్గర వాసన వస్తుంటే అది మీరు నడపడంలో తప్పు కాదు. కాలిపర్ (ప్యాడ్‌ను డిస్క్‌కు నొక్కే భాగం) పట్టేసి ఉంటుంది లేదా హ్యాండ్ బ్రేక్ కేబుల్ వదలడం లేదు. ఐదు కిలోమీటర్లు నడిపి దిగి, తాకకుండా నాలుగు చక్రాల దగ్గరా అరచెయ్యి పెట్టి చూడండి. ఒకటి సెగ కొడుతుంటే అదే. మైలేజీ పడిపోయిందని వచ్చే ఫిర్యాదుల్లో కొన్నింటికి మూలం కూడా ఇదే.

ఇంజిన్ అరుస్తోంది, బండి మాత్రం లాగడం లేదు

మలుపు దగ్గర ఆగి కదిలేటప్పుడు ఇలా అయితే క్లచ్ జారుతోంది. చదును చోట హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగి, మూడో గేరులో పెట్టి, కొంచెం యాక్సిలరేటర్ ఇస్తూ క్లచ్ మెల్లగా వదలండి. ముందర మనుషులెవరూ ఉండకూడదు. బాగున్న క్లచ్ అయితే ఇంజిన్ వెంటనే ఆగిపోతుంది. ఆగకుండా తిరుగుతూనే ఉంటే ప్లేటు అరిగినట్టే. ఒక్కసారి చాలు, పదేపదే చేస్తే ఉన్నది కూడా పోతుంది. మార్చేటప్పుడు ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ మూడూ కలిపే వేయించండి. గేర్‌బాక్స్ దించే కూలి ఒక్కసారితో పోతుంది.

ఎక్కుడులో ఆగినప్పుడు హాఫ్ క్లచ్‌తో బండిని నిలబెట్టే అలవాటు ఉంటే కొత్త ప్లేటు కూడా నిలవదు. హ్యాండ్ బ్రేక్ వాడండి.

పొగ

నల్లగా వస్తే ముందు ఎయిర్ ఫిల్టర్ చూడండి, తర్వాత ఇంజెక్టర్లు, టర్బో గొట్టాలు. నీలంగా వస్తే ఆయిల్ కాలుతోంది. రాత్రంతా నిలిపి పొద్దున స్టార్ట్ చేసినప్పుడు మాత్రమే వస్తే వాల్వ్ సీళ్ళు, ఎప్పుడూ వస్తుంటే పిస్టన్ రింగులు. చలికాలం పొద్దున కాసేపు తెల్లటి ఆవిరి మామూలే. వేడెక్కాక కూడా తెల్లగా దట్టంగా వస్తుంటే పైన చెప్పిన గ్యాస్కెట్ సంగతే కావచ్చు.

స్టీరింగ్ వణుకు, ఏసీ చల్లగా లేకపోవడం

80 దాటాక వణికితే వీల్ బ్యాలెన్సింగ్. బ్రేక్ వేసినప్పుడే వణికితే డిస్కులు. ఒక పక్కకు లాగితే ముందు టైర్లలో గాలి చూసి, తర్వాత అలైన్‌మెంట్‌కు వెళ్ళండి.

బండి కదులుతుంటే ఏసీ చల్లగా, సిగ్నల్ దగ్గర వేడిగా ఉంటే కండెన్సర్ ఫ్యాన్ లేదా దాని రెక్కల్లో దుమ్ము. ఏటా వేసవిలో గ్యాస్ నింపించుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. గ్యాస్ ఖర్చయ్యేది కాదు, ఎక్కడో లీకవుతోంది. ముందు లీకు పట్టమని అడగండి.

ఇవాళ హారన్, రేపు అద్దాలు, ఎల్లుండి స్టార్టింగే లేదు

ఇది నా మూడో కారు కథ. దీన్ని మాత్రం ఇప్పటికీ చెడ్డ కారనే అంటాను. 2022లో కొన్నాను. చూడ్డానికి మెరిసిపోతోంది, రీడింగ్ తక్కువ, ధర అంతకంటే తక్కువ. మూడు నెలలకు ఒక్కో స్విచ్చీ పడిపోవడం మొదలైంది. బ్యాటరీ మార్చాను. ఇంజిన్ ఆపి ఉంటే 12.6 వోల్టులు, నడుస్తుంటే 14 దరిదాపుల్లో చూపిస్తోంది. అంటే బ్యాటరీ, ఆల్టర్నేటర్ రెండూ బాగున్నాయి. మరి రోగం ఎక్కడ?

భాయ్ ఏ మీటరూ తీయలేదు. డ్రైవర్ సీటు బెల్టు పట్టుకుని చివరిదాకా లాగాడు. ఆఖరి జానెడు మేర బెల్టు మీద మట్టి రంగు చార, గీత గీసినట్టు ఉంది. తర్వాత కార్పెట్ అంచు లేపి వాసన చూడమన్నాడు. చెరువు అడుగు వాసన. సీటు బోల్టులు తుప్పు పట్టి ఉన్నాయి. 2021 నవంబరు వానలకు తిరుపతి వీధుల్లో కార్లు మునిగిన సంగతి మనందరికీ తెలుసు. ఇది కూడా ఎక్కడో అలా మునిగినదే.

నీళ్ళలో మునిగిన కారుకు ఒక చోట బాగు చేస్తే ఇంకోచోట బయటపడుతుంది. కనెక్టర్లలో పచ్చటి చిలుము మెల్లగా తింటూ ఉంటుంది. అందుకే ఏ పాత కారు కొన్నా బెల్టు చివరిదాకా లాగండి, కార్పెట్ లేపండి, ఫ్యూజు బాక్సు మూలల్లో బురద పొడి ఉందేమో చూడండి, ఇన్సూరెన్స్ క్లెయిమ్ చరిత్ర అడగండి. ఐదు నిమిషాల పని.

మారుతి 800 ఎందుకు మంచిదయిందో ఈ మూడో కారు వల్లే నాకు బాగా అర్థమైంది. 796 సీసీ, మూడు సిలిండర్లు, చెడిపోవడానికి లోపల వస్తువులే తక్కువ. 1983 డిసెంబరు నుంచి 2014 దాకా తయారైంది కాబట్టి పాకాలలో ఆగినా పలమనేరులో ఆగినా చెయ్యి తెలిసిన మెకానిక్ ఉండేవాడు, సామాను షాపులో దొరికేది. ఒకప్పుడు మన టాక్సీవాళ్ళు క్వాలిస్‌ను, తర్వాత ఇన్నోవాను కళ్ళకద్దుకున్నదీ అందుకే. రోజూ కొండెక్కి దిగినా జబ్బు చేయదు, చేసినా మందు దొరుకుతుంది.

మూడో కారును ఎనిమిది నెలలు భరించాను. కొనడానికి ఇద్దరు వచ్చారు, ఒకతను భార్యను, చిన్నపాపను కూడా తీసుకొచ్చాడు. చాలా కార్లలో ఎయిర్‌బ్యాగ్‌లను విప్పే కంట్రోల్ యూనిట్ ఉండేది గేర్ రాడ్ దగ్గర, నేలకు ఆనుకునే. అది కూడా తడిసి ఉంటుందని భాయ్ చెప్పిన మాట గుర్తుంది. ఉన్న విషయం చెప్పి వాళ్ళను పంపించేశాను. ఆర్సీ రద్దు చేయించి, టైర్లు, తలుపులు, అద్దాలు విడివిడిగా అమ్మి, మిగతాది తూకానికి వేశాను.