పసుపు మాత్రల సీసా తెరిచే ముందు

మాది తిరుపతి బైరాగిపట్టెడ. అల్సరేటివ్ కొలైటిస్‌తో నాకిది 9వ ఏడు. పెద్దపేగులో పుండ్లు పడి విరేచనంలో నెత్తురు పోయే జబ్బు. 3వ ఏడు ఎవరో చెప్పారని పేగు వాపు తగ్గించే మెసలమైన్ మాత్రలు ఆపేసి, రోజూ పరగడుపున నేలవేము కషాయం తాగాను. నెల తిరక్కుండానే రోజుకు 12 సార్లు పరుగు, ఆపైన ఆసుపత్రి మంచం. మీరు మాత్రం మాత్రలు ఆపకండి. మొక్కల మందు వాటికి తోడుగానే ఉండాలి.

నేలవేము వట్టిదని అనను. 2013లో ప్రచురించిన పరీక్షలో దాని సారం రోజుకు 1800 మిల్లీగ్రాములు తీసుకున్నవాళ్లలో నూటికి 60 మందికి గుణం కనిపించింది, ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్లలో 40 మందికి. అది కొలిచి ఇచ్చిన సారం. నా గిన్నెలో ఎంత దిగిందో ఎవరు కొలిచారు?

పసుపుకీ కొలతే ముఖ్యం. మా తక్కెడలో టీస్పూను పసుపు 3 గ్రాములు తూగింది. అందులో మందుగా పనికొస్తుందనే కర్క్యుమిన్ అనే పదార్థం నూటికి 3 వంతులనుకున్నా 90 మిల్లీగ్రాములే. 2006 నాటి జపాన్ పరీక్షలో మామూలు మందులతో పాటు పొద్దున టిఫినయ్యాక 1 గ్రాము, రాత్రి భోజనమయ్యాక 1 గ్రాము కర్క్యుమిన్ ఇచ్చారు. 6 నెలల్లో జబ్బు తిరగబెట్టింది 43 మందిలో ఇద్దరికే. ఉత్తుత్తి మాత్రల వాళ్లలో 39కి 8 మందికి. ఢిల్లీ ఎయిమ్స్‌లో రోజుకు 450 మిల్లీగ్రాములిస్తే ఫలితం రాలేదు. ఆ 2 గ్రాములు వంటింటి పసుపుతో అందాలంటే 22 చెంచాలు! పసుపు పాలు హాయిగా తాగండి, మందు లెక్కలో మాత్రం వేయకండి.

కొనబోయే సీసాను ముందు మీ డాక్టరుకి చూపించండి. లేబుల్ మీద కర్క్యుమినాయిడ్లు (కర్క్యుమిన్, దాని జాతి పదార్థాలు) ఎన్ని మిల్లీగ్రాములో రాసి ఉండాలి. మిరియాల సారం కలిపినవి ఒంట్లోకి ఎక్కువగా ఎక్కుతాయి, అలాంటివి వాడి కాలేయం దెబ్బతిన్నవాళ్లున్నారు. నేనైతే వాటి జోలికి పోను. నెత్తురు పలచబరిచే మందులు వాడేవాళ్లు, పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లు, గర్భిణులు డాక్టరు సరేనంటే తప్ప మొదలుపెట్టకూడదు.

మొదలుపెట్టిన రోజు నుంచే ఒక నోటుబుక్కు పెట్టుకోండి. నాదాంట్లో ఇలా ఉంటుంది: "పొద్దున 3 సార్లు. నెత్తురు లేదు. రాత్రి సంగటి, ఊరుబిండి కారం ఎక్కువైంది." కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగుకి తిరిగినా పసుపు మాత్ర ఆపేయండి. నెత్తురు ఎక్కువైనా, జ్వరమొచ్చినా ఆ బుక్కు పట్టుకుని అదేరోజు డాక్టరు దగ్గరికి వెళ్లండి.