ట్రయల్‌లో చేరమంటే ఏం చేయాలి, నయమయ్యాక ఏం చేయొచ్చు

నాకు క్యాన్సర్ వచ్చినప్పుడు డాక్టరు గారు "ట్రయల్ (కొత్త మందుని రోగుల మీద పరీక్షించి చూడటం) ఉంది, చేరతారా?" అనగానే నన్ను ప్రయోగశాల ఎలుకను చేస్తారేమో అనిపించింది. మీకూ అదే టెన్షనైతే ముందు ట్రయల్ రిజిస్ట్రేషన్ నంబరు అడిగి, సీటీఆర్ఐ (ట్రయల్స్‌ని నమోదు చేసే ప్రభుత్వ రిజిస్ట్రీ) వెబ్‌సైట్లో కొట్టి చూడండి, 2009 జూన్ నుంచి మన దేశంలో జరిగే ట్రయల్స్ అక్కడ నమోదు కావాల్సిందే. నంబరు చెప్పడానికి నసిగితే లేచి వచ్చేయండి.

సమ్మతి పత్రం తెలుగులో ఇమ్మనండి, అక్కడికక్కడే సంతకం పెట్టొద్దు. నేను గాజువాక బస్సులో కూర్చుని చదువుతూ అర్థం కానిచోటల్లా పెన్సిల్ గీత పెట్టుకున్నాను, మొత్తం పదకొండు గీతలు, మర్నాడు పదకొండూ అడిగాను. ఇది ఎన్నో ఫేజు (పరీక్షలో ఎన్నో దశ), స్కాన్లకి డబ్బులెవరివి, అర్ధరాత్రి జ్వరమొస్తే ఏ నంబరుకి చేయాలి (ఇది మాత్రం కాగితం మీద రాయించుకోండి). కొత్త మందులు, ట్రయల్స్ మీద వచ్చిన 2019 రూల్స్ ప్రకారం మధ్యలో ఎప్పుడైనా మానేయొచ్చు, ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం ఉచితంగా చేయించాలి.

నయమయ్యాక రక్తం ఇద్దామని ఉబలాటపడ్డాను, క్యాన్సర్ వచ్చినవాళ్ల దగ్గర తీసుకోరట. సరే అని మా మేనల్లుణ్ణి ప్లేట్‌లెట్లు (రక్తం గడ్డకట్టడానికి సాయపడే కణాలు) ఇవ్వడానికి పంపుతున్నాను, అవి ఐదు రోజులకి మించి నిల్వ ఉండవు కాబట్టి దాతల అవసరం ఎప్పుడూ ఉంటుంది. నాకు పనిచేసిన మందు మీకూ పనిచేస్తుందని మాత్రం ఎవరికీ చెప్పకండి. దాని బదులు, పాడేరు నుంచి తెల్లారుజామున బయల్దేరి ఆసుపత్రికి వచ్చిన పెద్దాయనకి ఏ కౌంటరో చూపించి, ఫారం నింపిపెట్టి, ఓ టీ ఇప్పించండి.