తగ్గించుకునే సాధన – 3వ పాఠం: చాటుగా ఇవ్వడం

పోయిన పాఠంలో కూర్చునే చోటు గురించి చూశాం (లూకా 14:7–11). వెనక వరుసలో కూర్చోవడం నాలుగు ఆదివారాల్లో అలవాటైపోతుంది. ఇచ్చినదాన్ని చెప్పకుండా కడుపులో దాచుకోవడం అంత తేలిక కాదు. ఈ వారం రోజూ పొద్దున మత్తయి 6:1–4 చదవండి.

వారానికి ఒక్క మేలు చాలు. ఒక ముసలామె మందుల చీటీ, ఒక పిల్లవాడి నోటుపుస్తకాలు, లేదంటే ఆరాధనయ్యాక చాపలు చుట్టి వరండా ఊడ్వడం. డబ్బయితే అప్పు చేయకుండా ఇవ్వగలిగినంతే ఇవ్వండి. ఇంట్లో భార్యకో భర్తకో తెలియకుండా తీసి ఇవ్వడం ఈ పాఠంలోకి రాదు, అది వేరే తప్పు.

ఏ దారిన ఇవ్వాలో ముందే ఆలోచించుకోండి. మందులకైతే షాపులోనే కట్టి, ఎవరు కట్టారో చెప్పొద్దనండి. పాస్టరు గారి ద్వారా పంపితే, ప్రకటనల్లో పేరు చదవొద్దని ఇచ్చేటప్పుడే చెప్పాలి. ఇచ్చాక చెబితే ఆయనకూ ఇబ్బందే. సంఘం ఖాతాలోకి వెళ్లే సొమ్ముకు మాత్రం రసీదు తీసుకోండి. కానుకలు ఇద్దరు కలిసి లెక్కపెట్టాలి. పేరు దాచడమంటే లెక్క దాచడం కాదు.

ఇక గుట్టు బయటపడేది ఎక్కడంటే, చాలాసార్లు ప్రార్థనలోనే. “ఫలానా అక్కకు మందులకు కూడా లేవు, మా చేతనైనంత చూశాం, ప్రార్థించండి” అంటే సంగతి అందరికీ తెలిసిపోయినట్టే. సాక్ష్యంలో “పేరు చెప్పను గానీ దేవుడు ఒకర్ని వాడుకున్నాడు” అన్నా అంతే. మనకంటే తక్కువ ఇచ్చినవాళ్లను ఎవరైనా మెచ్చుకున్నప్పుడు నోరు మరీ దురద పెడుతుంది. అప్పుడు పుచ్చుకున్నవారి కోసం మనసులో ఒక్క వాక్యం ప్రార్థించి ఊరుకోండి. ఫ్యాను రెక్క మీద పేరు రాయించుకున్నవాళ్లను ఈ పాఠం చూపించి దెప్పడమూ గర్వమే.

ఎవరైనా పట్టేసి “మీరేనా?” అంటే అబద్ధమాడొద్దు. “అవునండీ” అని మాట మార్చండి. “అబ్బే, నేనెంతటివాణ్ణి” అన్నారో, ఇంకో రెండు పొగడ్తలు అడిగి తెచ్చుకున్నట్టే.

అన్నిటికన్నా లోతున దాగేది, పుచ్చుకున్నవాళ్లు మనకు కట్టుబడి ఉండాలన్న ఆశ. నమస్కారం పెట్టలేదని, ఇచ్చింది మనం అనుకున్నట్టు వాడలేదని నొచ్చుకుంటాం. 1876–78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వించే కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు పని చూపించారు. ఆ సహాయం సాగినంత కాలం బాప్తిస్మాలు ఇవ్వలేదు, కూటి కోసం ఎవరూ సంఘంలో చేరకూడదని. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మన ప్రాంతంలో ఆ అంకె అందరూ చెబుతారు. ఈ పాఠానికి అక్కరకొచ్చేది మాత్రం దానికి ముందు ఆయన ఆగిన కాలమే.

వారం మధ్యలో నోరు జారితే సంజాయిషీలు మొదలుపెట్టకండి. శనివారంలోపు ఇంకో చిన్న మేలు చాటుగా చేయండి. నాలుగో పాఠం దిద్దుబాటును ఒప్పుకోవడం గురించి. అందుకని ఈ వారం ఎవరైనా మిమ్మల్ని తప్పుపడితే, మీ నోట వచ్చిన మొదటి మాటను ఉన్నదున్నట్టు చీటీ మీద రాసి బైబిల్లో పెట్టుకోండి.