ఒక్కరే ఉండే ఇంట్లో పచ్చదనం: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

ఒక్కరే ఉండే ఇల్లంటే నగరంలో ఉద్యోగం చేసుకునేవారి సింగిల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ కావచ్చు, పిల్లలు దూరం వెళ్లాక అమ్మో నాన్నో మిగిలిన ఊళ్లోని సొంతిల్లు కావచ్చు. రెండుచోట్లా మొక్కల విషయంలో వచ్చే చిక్కు ఒకటే. ఊరెళితే నీళ్లు పోసే రెండో మనిషి ఉండరు, కుండీ జరపాలంటే సాయం పట్టే చెయ్యి ఉండదు, పెరట్లో కాలు జారితే పిలుపు అందుకునేవారు ఉండరు. నలుగురు ఉండే ఇంటికి గీసిన ప్లానును చిన్నది చేసి ఒక్కరికి ఇచ్చేస్తే అందులో తోట నిలవదు. ఒక్క మనిషి చేతికి, చూపుకి అందేంత తోటనే వేయాలి, అది వారు లేని రోజుల్లోనూ బతికేలా ఉండాలి. కింది సమస్యల్లో చాలావరకు ఈ రెండు సంగతులు మరిచిపోవడం వల్ల వచ్చేవే.

ఊరెళ్లి వచ్చేసరికి మొక్కలు ఎండిపోతున్నాయి

నీళ్లు పోసేవారు లేకపోవడం సగం కారణమే. చాలా బాల్కనీలలో ఆరంగుళాల నల్ల ప్లాస్టిక్ కుండీలు వరుసగా పేర్చి ఉంటాయి. అంత కొద్ది మట్టి మే నెల ఎండకు ఒక్క రోజు కూడా తేమను నిలుపుకోలేదు, పైగా నల్ల రంగు వేడిని పీల్చుకుని వేళ్లను ఉడికిస్తుంది. చిన్న కుండీలను తగ్గించి, 12 నుంచి 14 అంగుళాల లేతరంగు కుండీలు ఐదారు పెట్టుకోవడం మేలు. మట్టిలో మూడో వంతు కొబ్బరి పొట్టు కలిపి, పైన రెండంగుళాల మందాన ఎండుటాకులు పరిస్తే తేమ చాలాసేపు ఆగుతుంది.

నాలుగైదు రోజుల ప్రయాణానికి వత్తి పద్ధతి సరిపోతుంది. కుండీల కంటే కాస్త ఎత్తులో నీళ్ల బకెట్ పెట్టి, అందులోంచి లావుపాటి నూలు తాడును ఒక్కో కుండీ మట్టిలోకి మూడంగుళాల లోతున దింపాలి. తాడును ముందే పూర్తిగా తడపకపోతే అది నీటిని లాగదు. బయల్దేరడానికి రెండు రోజుల ముందే ఇదంతా అమర్చి, బకెట్‌లో నీరు ఎంత తగ్గుతోందో గీత పెట్టి చూసుకోవాలి.

టైమర్ ఉన్న డ్రిప్పును నేరుగా కుళాయికి బిగించి ఊరెళ్లడం మాత్రం నాకు సమ్మతం కాదు, ఎందుకంటే గొట్టం ఊడిపోతే పై ట్యాంకు ఖాళీ అయ్యేదాకా దాన్ని ఆపే మనిషి ఆ ఇంట్లో ఉండరు. 20 లీటర్ల డబ్బాను ఎత్తుగా పెట్టి దానికి డ్రిప్పు తగిలిస్తే, ఏం జరిగినా కారిపోయేది ఆ 20 లీటర్లే.

మట్టి తడిగానే ఉన్నా ఆకులు వాలిపోతున్నాయి

ఇది దాహం కాదు, వేరుకుళ్లు. ఇంట్లో పలకరించడానికి మరో ప్రాణి లేనివారు మొక్క దగ్గరకు వెళ్లిన ప్రతిసారీ నీళ్లు పోస్తుంటారు. ఆ మమకారం అర్థం చేసుకోదగినదే, కానీ వేళ్లకు గాలి కూడా కావాలి. వేలిని రెండంగుళాలు మట్టిలోకి దించి, పొడిగా తగిలితేనే పోయాలి. కుళ్లిన మొక్కను కుండీలోంచి తీసి, మెత్తబడి నల్లబడిన వేళ్లను కత్తిరించి, కొత్త మట్టిలో నాటి వారం రోజులు నీడలో ఉంచాలి.

ఎన్నిసార్లు నాటినా ఆ బాల్కనీలో ఏదీ బతకడం లేదు

దిక్కుకు తగిన మొక్క పెట్టకపోవడమే దీనికి కారణం. హైదరాబాద్ అక్షాంశంలో మే రెండో వారం నుంచి ఆగస్టు తొలి రోజుల దాకా మిట్టమధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కొద్దిగా ఉత్తరంగా ఉంటాడు. అందువల్ల దక్షిణపు బాల్కనీకి వేసవిలో పై అంతస్తు స్లాబే గొడుగవుతుంది, చలికాలంలో మాత్రం ఎండ లోపలిదాకా వస్తుంది. టమాటా, మిర్చి, కొత్తిమీర అక్కడ చలికాలపు పంటగా బాగా కాస్తాయి. తూర్పు బాల్కనీ తులసికి, కరివేపాకుకు అనువైనది. ఉత్తరం వైపు మనీ ప్లాంట్, ఫెర్న్ వంటి నీడ మొక్కలే నిలుస్తాయి.

కష్టమంతా పడమరతోనే. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా ఎండ గోడనూ కుండీనీ ఒకేసారి కాలుస్తుంది. అక్కడ కాగితం పూలు, శంఖుపుష్పం, బిళ్లగన్నేరు, కలబంద తట్టుకుంటాయి. మిగిలినవాటికి సగం ఎండను ఆపే గ్రీన్ నెట్‌ను మొక్కలకు తగలకుండా బాల్కనీ అంచున కట్టాలి. మొక్కలు కొనే ముందు ఒక సెలవు రోజున ఎండ అంచు ఎక్కడిదాకా వస్తోందో గంటకోసారి సుద్దముక్కతో నేల మీద గీసి చూసుకుంటే, నర్సరీలో పెట్టే ఖర్చు సగం మిగులుతుంది.

మేడ మీద తోట వేశాక కింది గది స్లాబు చెమ్మెక్కుతోంది

ఇక్కడ రెండు కారణాలు కలిసి పనిచేస్తాయి. వాటర్‌ప్రూఫింగ్ లేకుండా, లేదా పాతబడిన పూత మీదే మట్టి పోయడం ఒకటి, స్లాబు మోయలేని బరువు ఎత్తడం రెండోది. భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 875 రెండో భాగం మనుషులు తిరిగే పైకప్పుకు చదరపు మీటరుకు 1.5 కిలోన్యూటన్ల భారాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. అంటే దాదాపు 150 కిలోలు. అడుగు మందాన పోసిన తడి మట్టి ఒక్కటే అదే చదరపు మీటరుకు 500 కిలోలు దాటుతుంది. అందుకే స్లాబు మధ్యలో ఇటుకలు పేర్చి మడులు కట్టడం ప్రమాదకరం. ఇంజనీరును అడిగి బీములు, గోడలు ఎక్కడున్నాయో తెలుసుకుని, కొబ్బరి పొట్టు, కంపోస్టు ఎక్కువగా ఉన్న తేలిక మిశ్రమంతో తొట్లను వాటి మీదుగానే అమర్చాలి. తొట్టి కింద మూడు నాలుగు అంగుళాల ఖాళీ ఉండాలి, నీరు మీటరుకు సెంటీమీటరు చొప్పున వాలుతో గొట్టం వైపు పారాలి. ఆకులు అడ్డుపడకుండా గొట్టం మూతికి జాలీ తప్పనిసరి. ఇప్పటికే చెమ్మ కనిపిస్తుంటే, కింద సీలింగుకు రంగు వేయించి ఊరుకోకుండా ముందుగా పైన మట్టిని దించాలి.

బాల్కనీలో ఉండగా తలుపు మూసుకుపోయింది

ఒక్కరే ఉండే ఇంటి ప్లానులో ఇంతగా నిర్లక్ష్యానికి గురయ్యే విషయం మరొకటి లేదు. నీళ్లు పోయడానికి వెళ్లినప్పుడు గాలికి తలుపు కొట్టుకుంటుంది, లోపలి గడియ జారి పడుతుంది, ఫోను మంచం మీద ఉంటుంది, తీయడానికి ఇంట్లో ఎవరూ ఉండరు. బాల్కనీ తలుపుకు రెండు వైపుల నుంచీ తెరుచుకునే హ్యాండిల్, నేలకు అయస్కాంతపు డోర్ స్టాపర్ పెట్టించాలి. దానంతటదే పడే గడియలను ఈ తలుపుకు అసలు వాడకూడదు. నమ్మకమైన పొరుగువారి దగ్గర ఇంటి తాళంచెవి ఒకటి ఉంచాలి, మొక్కల దగ్గరకు వెళ్లేటప్పుడు ఫోను జేబులోనే ఉండాలి.

పెరట్లో నేల జారుతోంది, వంగితే నడుము పట్టేస్తోంది

నీడలో నీరు నిలిచిన చోట పాకుడు పడుతుంది. నున్నటి టైల్స్ తీసేసి, గరుకు ముఖం పైకి వచ్చేలా తాండూరు రాయి పరిపించాలి. వంటింటి గుమ్మం నుంచి కుళాయి దాకా మూడడుగుల వెడల్పున బాట, దాని పక్కన పట్టుకోవడానికి కమ్మీ ఉండాలి. మడిని రెండున్నర అడుగుల ఎత్తున కట్టిస్తే వంగాల్సిన పని ఉండదు. ఒక వైపు నుంచే చెయ్యి అందే మడి రెండడుగుల కంటే వెడల్పుగా ఉండకూడదు. బకెట్లు మోయకుండా తేలికపాటి పైపు, పెద్ద కుండీల కింద చక్రాల స్టాండ్లు పెట్టుకోవాలి.

తోట ఉన్నా దోమల వల్ల కూర్చోలేకపోతున్నాం

కుండీల కింది పళ్లాలే దోషులు. డెంగీని మోసే ఏడిస్ దోమ ఇలాంటి నిలవ నీటిలోనే పెరుగుతుంది, వారం పది రోజుల్లో గుడ్డు నుంచి దోమ అవుతుంది. వారానికోసారి పళ్లాలను పారబోస్తే చాలదు, పీచుతో రుద్ది కడగాలి, ఎందుకంటే అంచుకు అంటిన గుడ్లు ఎండిపోయి కూడా నెలల తరబడి బతుకుతాయి.

తోట బాగానే ఉంది, కానీ అటు వెళ్లాలనిపించడం లేదు

తోటను ఇంటి వెనక, రోజూ కాలు పెట్టని చోట దాచడం వల్ల ఇలా జరుగుతుంది. ఒంటరి మనిషికి ఆకులతోపాటు మనుషులూ కనబడాలి. వీధి వైపు అరుగు ఉన్న ఇళ్లలో మల్లెపందిరి కింద కూర్చున్న పెద్దావిడను దారిన పోయేవారు పలకరించేవారు, ఒకరోజు ఆమె కనిపించకపోతే అడిగేవారు. కొత్త ఇంటికి ఆ వసతిని తిరిగి ఇవ్వడం కష్టమేమీ కాదు. ముందువైపు నాలుగడుగుల వెడల్పున అరుగు, దాని పక్కన నడుము ఎత్తుకు మించని మొక్కలు చాలు. ఫ్లాటులోనైతే ఉదయం కాఫీ తాగే కుర్చీని మొక్కల దగ్గరకే జరపాలి, వంటగది కిటికీ గట్టు మీద కొత్తిమీర, పుదీనా ఉండాలి.

గేటు నుంచి గుమ్మం దాకా దట్టమైన పొదలు మాత్రం వద్దు. వాటి చాటున మనుషులూ పాములూ కనపడరు. తీగలను కిటికీ గ్రిల్‌కు పాకించేవారు, అత్యవసరంలో తెరుచుకునే గ్రిల్ తలుపును తీగ అల్లుకోకుండా నెలకోసారి కత్తిరించి, దాని తాళం తిరుగుతోందో లేదో చూసుకోవాలి.